భోజ్యవర్ణములును పులియబెట్టు విద్యయు

మా పాఠశాల వార్షికోత్సవమునాడు మైదానమున వేయు అంగళ్లలో అందఱికంటె ముందుగా సరకు అమ్ముకొని లేచిపోవునది మిఠాయి అంగడియే. గడచిన యుత్సవమున ఆ యంగడిలో ఎఱ్ఱని పాకపు బిళ్లలు కొని తిన్న చిన్న తరగతుల పిల్లల నాలుకలు మఱునాటి ఉదయ ప్రార్థన వేళకును ఎఱ్ఱగానే యుండెను. పిల్లలు ఒకరి నాలుక నొకరు చూచి నవ్వుకొనిరి, మేమును నవ్వితిమి. ఆ రంగు ఎట్టిదని మా ఉపాధ్యాయు లొకరు అంగడివానిని విచారింపగా, "ఎఱ్ఱ రంగేనండీ" అను జవాబు తప్ప మఱొకటి దొరకలేదు. రంగుపొడి యున్న డబ్బామీద పేరు లేదు, సంఖ్య లేదు, చేసినవారి ఊరు లేదు. అంతటితో మా నవ్వు నిలిచిపోయినది. పేరు తెలియని వస్తువును మన బడి ఆవరణములోనే, మన చేతులతోనే, మన తమ్ములకును చెల్లెండ్రకును తినిపించితిమి గదా యను చింత మమ్ము విడువలేదు. కావున ఈ సంచికలో ఈ విషయమును గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు చదువరుల యెదుట ఉంచుచున్నాము.

బషీర్‌బాగునుండి ఆబిడ్సు మీదుగా నాంపల్లివఱకు సాయంకాలము నడచిపోవు విద్యార్థి కన్నులకు ఎన్ని రంగులు తగులునో లెక్కింపుడు. జిలేబి, లడ్డు, షర్బతు, మంచుగోళము, బిస్కత్తులోని పండు ముక్కలు, వేయించిన కోడిమాంసము, అన్నియు రంగులతోడనే మనలను పిలుచుచుండును. 1938లో పబ్లికు గార్డెన్సునందు ఆరంభమై, 1946 నుండి నాంపల్లి మైదానమున జరుగుచున్న నుమాయిషులో గులాబిరంగు పీచుమిఠాయి కొనని బాలు డరుదు. రంగును చూచి ఆశపడుట తప్పు కాదు. పండు పండినదని చెప్పునది రంగే; పాలు విరిగినవని, కూర మాడినదని ముందుగా తెలుపునదియు రంగే. సృష్టికర్త మన కన్నులకు ఇచ్చిన ఈ వివేకమును నమ్ముకొనియే మనుష్యజాతి ఇంతకాలము బ్రదికినది. ఆ నమ్మకమును మోసపుచ్చునట్లు రంగు వేయుటయే తప్పు. సున్నము కొట్టిన సమాధులను గూర్చి సువార్తలో మనము చదివినదే గదా.

మన పూర్వులును వంటలకు రంగు వేసిరి. పసుపు ప్రతి యింటను కలదు. కలిగినవారి యింట కుంకుమపువ్వు కలదు. జాఫ్రాగింజల ఎఱుపు కలదు. 1856లో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల ఆంగ్లేయ యువకుడు, బొగ్గునుండి తీసిన తారుతో ప్రయోగములు చేయుచు, ఊదారంగు నొకదానిని యాదృచ్ఛికముగా కనుగొనెను. అది మొదలుకొని రంగు చెట్టును విడిచి కర్మాగారము చేరినది. మొదట బట్టకు, పిదప తిండికి వచ్చినది. నేడు మన దేశమున 2011 నాటి ఆహార నియమావళి యందు ఎనిమిది కృత్రిమవర్ణములకు మాత్రమే అనుమతి కలదు. వానిని గూడ అన్ని వంటకములలో వాడరాదు. నియమములలో పేర్కొన్న వానిలోనే, సాధారణముగా కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకుండ వాడవలెను.

చట్టము మంచిదే. అయితే చట్టమునకు త్రాసు కలదు గాని, మిఠాయి బట్టీ వద్దనున్న చేతికి త్రాసు లేదు. ఆ చేయి చిటికెడు వేయవలసినచోట చెంచాడు వేయును. ఇది మా ఊహ కాదు. మన నగరములోనే తార్నాక వద్దనున్న జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు హైదరాబాదు పిల్లల తిండిని పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనమున, కొందఱు పిల్లలు టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, ఎరిత్రోసిన్ అను రంగులను దినమునకు అంగీకరింపదగిన పరిమితికి మించి తినుచుండిరని తేల్చిరి. ఈ మూడును చట్టము అనుమతించిన రంగులే యని గమనింపవలెను. దోషము రంగు పేరులో గాక, దాని మోతాదులో నున్నది. ఇక అనుమతి లేని రంగుల కథ వేఱు. బట్టలకును కాగితములకును వేయు రోడమిన్-బి యను రంగు పీచుమిఠాయిలో కనబడగా 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము ఆ మిఠాయి అమ్మకమునే నిషేధించెను. మఱుసటి నెలలో కర్ణాటక ప్రభుత్వము రంగు వేసిన పీచుమిఠాయిని నిషేధించెను. 2025 జనవరిలో అమెరికా దేశపు ఆహార శాఖ ఎరిత్రోసిన్ రంగునకు ఆహారములలో నిచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనెను.

అట్లయిన రంగు లేకుండ తినవలసినదేనా? తినగలిగిన మేలే, ఆ మాట చివర చెప్పెదము. రంగు కావలెనని పట్టుబట్టు లోకమునకు విజ్ఞానశాస్త్రము నేడు వేఱొక త్రోవ చూపుచున్నది. అది చెట్టునుండియు తారునుండియు గాక, బూజులను, ఈస్టులను, బాక్టీరియాలను పెంచి, పులియబెట్టి రంగు తీయు త్రోవ. వినుటకు వింతగా నుండును గాని, పులియబెట్టుట యెఱుగని తెలుగిల్లు కలదా? రాత్రి రుబ్బిన పిండి తెల్లవాఱుసరికి పొంగుట, గోరువెచ్చని పాలలో వేసిన తోడు పెరుగగుట మనము నిత్యము చూచునదే. కంటికి కానరాని జీవులు మన నిద్రవేళ మనకొఱకు పనిచేయుచున్నవి.

పులియబెట్టి రంగు తీయుట సయితము మన దేశమునకు క్రొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నల్లరంగు చేయు పద్ధతిని చూడుడు. కుండలో నీరు పోసి, బెల్లమును త్రుప్పుపట్టిన ఇనుప ముక్కలను వేసి, రెండు మూడు వారములు పులియనిత్తురు. పులిసిన బెల్లపు నీటిలో పుట్టిన ఆమ్లము ఇనుమును కరగించును. ఆ నీటిని వారు కసిమి యందురు. కరక్కాయ రసమున తడిపిన బట్టపై కసిమితో గీసిన గీత, కరక్కాయలోని వగరుతో కలిసి చెరగని నలుపగును. కడప, నెల్లూరు మండలములలో ఒకప్పుడు నీలిమందు ఆకును తొట్లలో నానవేసి, పులియనిచ్చి, ఆ నీటిని గాలి తగులునట్లు బాదగా అడుగున నీలి పేరుకొనెడిది. 1897లో జర్మనీ కర్మాగార మొకటి కృత్రిమ నీలిని అమ్మకమునకు పెట్టిన పిమ్మట ఆ తొట్లు క్రమముగా ఎండిపోయినవి. ఈ రెండును బట్టకు పనికివచ్చు రంగులే గాని కడుపునకు గావు. అయినను పులిసిన కుండలో రంగు పుట్టునను ఎఱుక మన ప్రాంతమున పాతదని చూపుటకై వీనిని పేర్కొంటిమి.

తినుటకు పనికివచ్చు పులిసిన రంగులలో మిక్కిలి పాతది చైనా దేశపు ఎఱ్ఱబియ్యము. ఉడికించిన బియ్యముపై మొనాస్కస్ అను బూజును కొన్ని దినములు పెంచినచో బియ్యము లోపలివఱకు ఎఱ్ఱబాఱును. పదునాఱవ శతాబ్దమున లీ షిజెన్ అను చైనా వైద్యుడు తన ఓషధి గ్రంథమున దీనిని వర్ణించెను. చైనా, జపాను దేశములలో మాంసమునకును, మద్యమునకును, పులియబెట్టిన సోయా జున్నునకును దీని ఎఱుపే వాడుదురు. మన దేశమునను పరిశోధన జరిగినది. తిరువనంతపురములోని జాతీయ పరిశోధనాలయమున శాస్త్రజ్ఞులు పనసగింజల పిండిమీద ఈ బూజును పెంచి రంగు తీయవచ్చునని 2007లో ప్రకటించిరి. మనము పాఱవేయు గింజ రంగునకు పొలమయినదన్నమాట.

రెండవది రిబోఫ్లేవిన్. ఇది బి-2 విటమినే. పాలు విరిగినప్పుడు తేఱిన నీటిలో కనబడు లేత పసుపుపచ్చని ఛాయ దీనిదే. అందువలన దీనికి పూర్వము లాక్టోఫ్లేవిన్ అని పేరుండెను. ప్రత్తికాయలకు తెగులు తెచ్చు ఆష్బియా గాసిపీ యను బూజు ఈ పసుపును విరివిగా చేయును. ఆ పేరులోని రెండవ మాట ప్రత్తిని సూచించునదే. ప్రత్తి పండించు మన తెలంగాణ రైతు బిడ్డలు ఈ సంగతి చదివి ఆశ్చర్యపడక మానరు. పైరును చెఱచు బూజు తొట్టిలో కట్టుబడినప్పుడు విటమినును ఇచ్చుచున్నది. ఆవిరితో శుద్ధిచేసిన ఉక్కు తొట్టిలో నూనెయో చక్కెరయో మేతగా నిచ్చి, గాలి పంపుచు, వేడిని పులుపును కనిపెట్టుచు కొన్ని దినములు పెంచి, పిదప ఆ జీవిని చంపి రంగును వేఱుచేయుదురు. బాసిల్లస్ సబ్టిలిస్ అను బాక్టీరియాతోను ఇట్లే చేయుదురు. ఒకప్పుడు రసాయన పద్ధతిని చేయబడుచుండిన ఈ విటమిను నేడు ముఖ్యముగా పులియబెట్టుటవలననే లభించుచున్నది.

మూడవది బీటా-కెరోటీన్. కారట్టు దుంపలోని నారింజరంగు ఇదియే. బ్లేకెస్లియా ట్రైస్పోరా యను బూజు దీనిని చేయును. ఈ బూజునందు రెండు జాతు లున్నవి. వేఱువేఱుగా పెంచినచో కొంచెమే రంగు నిచ్చును, ఒకే తొట్టిలో కలిపి పెంచినచో ఎన్నో రెట్లు అధికముగా నిచ్చును. రిబోఫ్లేవిన్, బీటా-కెరోటీన్ రెండును మన దేశపు నియమములలో అనుమతింపబడిన సహజవర్ణముల పట్టికయందున్నవి. కావున పులిసిన రంగు మన చట్టము వాకిట వేచియున్న అపరిచితుడు కాడు. ఎన్నడో లోపల ప్రవేశించి కూర్చున్నాడు.

ఇట్లు చెప్పినంతమాత్రమున "సహజము గనుక క్షేమము" అని మేము వాదించుచున్నామని ఎవ్వరును తలపకుందురు గాక. ఆ వాదము మాకు సమ్మతము కాదు. ఎఱ్ఱబియ్యపు బూజు కొన్ని వేళల సిట్రినిన్ అను విషమును గూడ చేయును. అది మూత్రపిండములకు హాని చేయునది. ఈ సంగతిని 1995లో ఫ్రాన్సుదేశపు శాస్త్రజ్ఞులు బయలుపఱచిరి. ఐరోపాలోను అమెరికాలోను ఈ రంగును ఆహారవర్ణముగా అంగీకరింపలేదు. 2024 మార్చిలో జపానునందు ఎఱ్ఱబియ్యముతో చేసిన ఆరోగ్యపు మాత్రలు మింగినవారిలో అనేకులు మూత్రపిండముల వ్యాధిపాలైరి, కొందఱు మరణించిరి. విచారింపగా, కర్మాగారమున వేఱొక నీలిబూజు చొరబడి ప్యుబెరులిక్ ఆమ్లమను విషమును కలిపినదని తేలినది. వేయేండ్ల వాడుక గల వస్తువు, శుభ్రతకు పేరుపడిన దేశము, అయినను ఒక్క తొట్టిని సరిగా కాచుకొననందున ప్రాణములు పోయినవి. సువార్తలో పుల్లని పిండి ఒకచోట పరలోకరాజ్యమునకు పోలికగా చెప్పబడినది. మఱొకచోట అదే పుల్లని పిండిని గూర్చి జాగ్రత్తపడుమని హెచ్చరిక కలదు. పులియుట యను క్రియ మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. ఏది పులిసినది, ఎవరు కాచినారు అనునదే ప్రశ్న.

అట్లయిన పులిసిన రంగును మెచ్చుటకు కారణమేమి? మాకు తోచిన కారణ మొక్కటే, అది ప్రధానమైనది. మన బజారులలో మోతాదు చేతి యంచనాపై నడచుచున్నది. చేతి యంచనా తప్పినచోట, తప్పినను హాని తక్కువగా చేయు రంగు మనకు కావలెను. రిబోఫ్లేవిన్ అట్టిది. శరీరమునకు కావలసినంత తీసికొని, మిగిలినది మూత్రమున పోవును. బి-కాంప్లెక్సు మాత్ర మింగిననాడు మూత్రము పచ్చనగుటను అందఱు నెఱుగుదురు. అధికముగా తిన్నవారికి దీనివలన కీడు కలిగినట్లు తెలియరాలేదు గనుకనే శాస్త్రజ్ఞులు దీనికి గరిష్ఠ పరిమితి నిర్ణయింపలేదు. టార్ట్రజిన్ చెంచాడు పడుట వేఱు, రిబోఫ్లేవిన్ చెంచాడు పడుట వేఱు. లడ్డు పచ్చనగుటయే కావలసినదైన, ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెనో చెప్పుటకు పెద్ద పాండిత్యము అక్కఱలేదు.

ఈ పక్షమునకు ఎదురుగా చెప్పదగిన మాటలును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. రిబోఫ్లేవిన్ వెలుతురున చెడిపోవును. గాజుసీసాలో ఎండలో పెట్టిన షర్బతున అది నిలువదు. బీటా-కెరోటీన్ నూనెలో కరగును గాని నీటిలో కరగదు; నీటిలో కలియునట్లు చేయుటకు ప్రత్యేకమైన పని కావలెను. వెల అధికము. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ రెండును పసుపు, నారింజ ఛాయలే. మన పిల్లలు కోరు ఎఱుపును గులాబిని ఇవి ఈయలేవు. పులిసిన ఎఱుపు ఎఱ్ఱబియ్యమునందున్నది గాని, విషము లేదని పరీక్షించి, చట్టము ఒప్పుకొనువఱకు దానికొఱకు చేయి చాపరాదు. అంతవఱకు ఇంట బీట్‌రూటు రసముతో సరిపుచ్చుకొందము. లేదా తెల్లని పీచుమిఠాయినే తిందము. తీపి నాలుకకు సంబంధించినది గాని రంగునకు గాదు.

ఈ విషయమున మన నగరమునకు గల యోగ్యత మఱియే నగరమునకును ఇంతగా లేదని మా నమ్మకము. తిండిని కొలిచి చెప్పగల జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరున పుట్టి 1958లో ఇచ్చటికి వచ్చినది. 1944లో పుట్టిన రసాయన పరిశోధనాలయము తార్నాకయందే యున్నది. తొట్లలో సూక్ష్మజీవులను పెంచు నేర్పు శామీర్‌పేట ప్రాంతపు టీకా మందుల కర్మాగారములలో కలదు. కామెర్ల రోగమునకు కారణమగు హెపటైటిస్-బి నుండి కాపాడు టీకాను ఈస్టు కణములచే చేయించి, మన దేశమున మొట్టమొదట 1997లో విడుదల చేసినది హైదరాబాదు సంస్థయే. ఈస్టుచే టీకా చేయించిన ఊరు బూజుచే రంగు చేయింపలేదా? చేయింపగలదు. అట్టి కర్మాగారములనుండి సన్నని పొట్లములలో, ఒక్కొక్క కిలో మిఠాయికి ఒక్కొక్క పొట్లమని కొలిచి, పేరు, సంఖ్య, చేసిన తేదీ వ్రాసి అమ్మినచో, చిన్న మిఠాయివాడును సులభముగా వాడగలడు. అతనిని నిందించుట మా యుద్దేశము కాదు. రంగు లేనిదే కొనమని భీష్మించినది మనము. చవకగా దొరకినదానిని అతడు వేసినాడు. అతనికి దండనము చూపుటకంటె ముందు మంచి పొట్లము చూపుట న్యాయము.

పెద్దలు చేయవలసినది పెద్దలు చేయుదురు గాక. మనము బడిలో చేయదగినవి మూడు కలవు. మొదటిది, రాబోవు వార్షికోత్సవమున మన అంగళ్లలో పేరు చెప్పలేని రంగు గల వస్తువు నేదియు అమ్మరాదని నిశ్చయించుకొనుట. రంగు లేని కొబ్బరిలవుజు, నువ్వులుండ, పల్లీపట్టీ ఎవరికి చేదు? రెండవది, పొట్లముమీది సంఖ్యలు చదువ నేర్చుట. 101 అనిన రిబోఫ్లేవిన్, 160ఎ అనిన కెరోటీన్. 102 టార్ట్రజిన్, 110 సన్‌సెట్ యెల్లో, 122 కార్మోయిసిన్, 124 పోన్సో, 127 ఎరిత్రోసిన్. ఎక్కముల పుస్తకము కంఠస్థము చేసిన మనకు ఈ ఏడు సంఖ్యలు బరువా? మూడవది, విజ్ఞానశాస్త్రపు గదిలో ఒక సీసా రిబోఫ్లేవిన్ నీటిని కిటికీలో ఎండకును, ఒక సీసాను చీకటి అలమారులోను వారముదినములు ఉంచి చూచుట. రంగు ఏల వెలిసినదని ఒక బాలుడు ప్రశ్నించిన చాలును. ఆ ప్రశ్న నుండియే రేపటి పరిశోధకుడు పుట్టును.

అప్పుడు ఉదయ ప్రార్థనలో నిలిచిన చిన్నవారి నాలుకలు ఏ రంగుననున్నవో చూచి మేము నవ్వవచ్చును. ఆ నవ్వులో భయము లేకుండును. పేరు తెలిసిన రంగునే తిందము, తినిపింతము. పేరు తెలియనిదానిని, అది ఎంత సొగసుగా నున్నను, అంగడిలోనే విడిచివత్తము. ఈ స్వల్పనియమమును మా తోడి విద్యార్థులును, వారి తల్లిదండ్రులును అంగీకరింతురని మా మనవి.